తేడా తెలిస్తేనే మరమ్మతు
శీతల, తాపన పనులకు రెండు ప్రోబుల డిజిటల్ థర్మామీటర్ ఎంపిక ఇలా...

కురుపాం: ఫ్రిజ్ చల్లబడలేదంటే గ్యాస్ తగ్గిందనుకోవడం, ఏసీ గాలి చల్లగా రాలేదంటే మరికొంత గ్యాస్ ఎక్కించడం పల్లెల్లో ఆనవాయితీగా మారింది. కండెన్సర్‌కు పట్టిన దుమ్ము, మూసుకుపోయిన క్యాపిలరీ, తక్కువ వోల్టేజీ, బిగువు కోల్పోయిన తలుపు రబ్బరు... కారణం వీటిలో ఏదైనా యజమానికి కనిపించే లక్షణం ఒక్కటే. చల్లదనం లేదు. అసలు లోపాన్ని గుర్తించకుండా గ్యాస్ నింపితే నాలుగు రోజులు పనిచేసినట్లే ఉండి కంప్రెసర్ కాలిపోయే ప్రమాదముంది. ఆ నష్టం భరించేది వినియోగదారుడు. పేరు పోయేది మెకానిక్‌కు.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం, గుమ్మలక్ష్మీపురం, కొమరాడ మండలాల్లో ఈ సమస్య మరింత భారమవుతుంది. కొండవాలు గ్రామానికి ఒకసారి వెళ్లి రావడానికే పూట గడిచిపోతుంది. రెండోసారి పిలిపిస్తే దారి ఖర్చే మరమ్మతు కూలిని మించవచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడే లోపాన్ని తేల్చుకోవాలంటే మెకానిక్ సంచిలో గేజ్‌తో పాటు రెండు ప్రోబుల డిజిటల్ థర్మామీటర్ ఉండటం అవసరం. అయితే అంగడిలో కనిపించిన పరికరమల్లా ఈ పనికి సరిపోదు. ఏది కొనాలి, కొన్నది నిజం చెబుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నది ప్రతి మెకానిక్, యంత్రాలున్న ప్రతి సంస్థ తెలుసుకోదగిన విషయం.

ఒక్క అంకె చాలదు

ఏసీ నుంచి వచ్చే గాలి 18 డిగ్రీలు ఉందనుకుందాం. అది బాగున్నట్లా, చెడినట్లా? గది గాలి 28 డిగ్రీలు ఉంటే యంత్రం 10 డిగ్రీలు తగ్గించినట్లు. గది 22 డిగ్రీలే ఉంటే తగ్గించింది 4 డిగ్రీలు మాత్రమే. అంకె ఒక్కటే, అర్థం రెండు. శీతలీకరణలోనైనా, వేడి చేయడంలోనైనా యంత్రం పనిని చెప్పేది లోపలికి వెళ్లేదానికి, బయటికి వచ్చేదానికి మధ్య ఉన్న తేడాయే.

ఒకే ప్రోబుతో ముందు ఒకచోట, తర్వాత మరొకచోట కొలిస్తే ఈ మధ్యలో కంప్రెసర్ ఆగిపోవచ్చు, ఎవరో తలుపు తెరవవచ్చు, వోల్టేజీ పడిపోవచ్చు. అప్పుడు తేడా లెక్క తప్పుతుంది. రెండు ప్రోబులను ఒకేసారి రెండు చోట్ల ఉంచి ‘టీ1’, ‘టీ2’, వాటి తేడా ‘టీ1-టీ2’ మూడింటినీ చూపే పరికరంతో ఈ చిక్కు ఉండదు.

సాధారణ గది ఏసీలో లోపలికి లాగే గాలికి, బయటికి వదిలే గాలికి మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా కనిపిస్తుంది. వానాకాలంలో గాలిలోని తేమను నీరుగా మార్చడానికే యంత్రం శక్తి కొంత ఖర్చవుతుంది కనుక తేడా తగ్గుతుంది. దీన్ని గ్యాస్ కొరతగా పొరబడకూడదు. స్టార్ గుర్తున్న గది ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా 2020 జనవరి 1 నుంచి నిబంధన అమలులో ఉంది. పరీక్షించేటప్పుడు రిమోట్‌లో ఉష్ణోగ్రతను అన్నింటికంటే తక్కువకు పెట్టి, కనీసం 15 నిమిషాలు నడిపిన తర్వాతే కొలవాలి. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడగానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి దానికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

సెన్సర్ ఏ రకం?

రెండు ప్రోబుల థర్మామీటర్లలో ఎక్కువగా వాడేది ‘కె’ రకం థర్మోకపుల్. వేర్వేరు లోహాల తీగలను కలిపి, ఆ కలయికను వేడి చేస్తే విద్యుత్ పుడుతుందని జర్మన్ శాస్త్రవేత్త థామస్ సీబెక్ 1821లో గమనించారు. ‘కె’ రకంలో ఒక తీగ నికెల్-క్రోమియం మిశ్రమం, రెండోది నికెల్-అల్యూమినియం మిశ్రమం. ఒక డిగ్రీకి పుట్టేది ఇంచుమించు 41 మైక్రోవోల్టులే. ఆ కొద్దిపాటి విద్యుత్‌ను మీటరు కొలిచి డిగ్రీలుగా చూపుతుంది. గడ్డకట్టే చలి నుంచి పొయ్యి సెగ వరకు కొలవగలగడం, ప్రోబు చెడితే అదొక్కటే మార్చుకోగలగడం దీని సౌలభ్యాలు. చల్లబరిచే పని, వేడి చేసే పని రెండూ చేపట్టే మెకానిక్‌కు ఇదే అనువైనది.

థర్మిస్టర్ ప్రోబు తక్కువ వ్యాప్తిలో మరింత కచ్చితంగా కొలుస్తుంది. ఫ్రిజ్, ఏసీ పనులకే పరిమితమైన వారికి ఇది మేలు. ఎక్కువ వేడికి మాత్రం తట్టుకోలేదు. ప్లాటినం తీగతో చేసే ‘పీటీ-100’ సున్నా డిగ్రీల వద్ద 100 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. కచ్చితత్వం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వీటికి ప్రత్యామ్నాయం కాదు. అది ఉపరితలం వేడినే చూస్తుంది, గాలి ఉష్ణోగ్రతను చెప్పలేదు. మెరిసే రాగి పైపు చుట్టుపక్కల వేడిని అద్దంలా ప్రతిఫలిస్తుంది కాబట్టి తప్పు అంకె చూపుతుంది. తప్పనిసరైతే పైపుపై నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, టేపుపై గురిపెట్టాలి.

0.1 డిగ్రీ చూపితే కచ్చితమైనదేనా?

కొనుగోలుదారులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. తెరపై దశాంశం కనిపించినంత మాత్రాన పరికరం అంత కచ్చితమని కాదు. పెట్టెపై రాసే కచ్చితత్వం చాలాసార్లు మీటరుకు మాత్రమే వర్తిస్తుంది. ప్రోబు తప్పు దానికి అదనం. అమెరికా ప్రమాణం ప్రకారం మామూలు తరగతి ‘కె’ తీగకు 2.2 డిగ్రీల వరకు, ప్రత్యేక తరగతి తీగకు 1.1 డిగ్రీల వరకు తేడా ఉండవచ్చు.

ఆవిరయ్యే కాయిల్ మొదట్లో 4.4 డిగ్రీలు, చివర 11.4 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. నిజమైన తేడా 7. ఒక ప్రోబు 2.2 డిగ్రీలు ఎక్కువ, రెండోది 2.2 డిగ్రీలు తక్కువ చూపితే తెరపై తేడా 2.6గానో, 11.4గానో కనిపిస్తుంది. మొదటిది చూసి గ్యాస్ ఎక్కువైందని కొంత వదిలేస్తారు. రెండోది చూసి తక్కువైందని మరికొంత నింపుతారు. యంత్రంలో లోపం లేకున్నా లోపం పుట్టేది అప్పుడే.

అందుచేత విడివిడిగా ఒక్కో ప్రోబు ఎంత కచ్చితమన్నదాని కంటే రెండూ ఒకదానితో ఒకటి ఎంతగా కలుస్తున్నాయన్నదే ముఖ్యం. రెండూ అర డిగ్రీ ఎక్కువ చూపినా తేడా లెక్కకు నష్టం లేదు. ఒక్కో ప్రోబుకు విడిగా సవరణ పెట్టుకునే వీలున్న మీటరును ఎంచుకుంటే చిన్న తేడాలను మెకానిక్ తానే సరిచేసుకోవచ్చు.

గ్లాసుడు మంచుతో పరీక్ష

ఈ కలయికను తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఐస్‌ను మెత్తగా దంచి ఫ్లాస్కు నిండా వేయాలి. ముక్కల సందులు నిండేటంత వరకే చల్లని మంచినీరు పోయాలి. నీరు ఎక్కువై ఐస్ పైకి తేలితే అడుగున సున్నా డిగ్రీలు ఉండదు. రెండు ప్రోబుల కొనలను దారంతో కలిపి కట్టి, అడుగుకు, అంచుకు తగలకుండా మధ్యలో ఉంచి నెమ్మదిగా కలుపుతూ మూడు నిమిషాలు ఆగాలి. రెండూ సున్నాకు దగ్గరగా ఉండాలి. రెండింటి మధ్య తేడా అర డిగ్రీ దాటితే సవరించుకోవాలి, లేదా ప్రోబు మార్చాలి.

తర్వాత అదే కట్టను గోరువెచ్చని నీటిలో ముంచి చూడాలి. చలిలో కలిసిన ప్రోబులు వేడిలో విడిపోతే ఆ జత పనికిరాదు. పైపుకు బిగించే క్లాంప్ ప్రోబులను నీటిలో ముంచకూడదు. వాటిని ఒకే పైపుపై పక్కపక్కనే బిగించి రెండు అంకెలనూ పోల్చుకోవాలి.

మరిగే నీటితో పరీక్షించేవారు ఎత్తును మరువకూడదు. సముద్రమట్టం నుంచి సుమారు 300 మీటర్లు పైకి వెళ్లిన కొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. 900 మీటర్ల ఎత్తు ఉండే అరకు ప్రాంతంలో నీరు 97 డిగ్రీల వద్దే తెర్లుతుంది. అక్కడ 97 చూపిన థర్మామీటర్ మంచిది, 100 చూపినదే చెడ్డది. మంచు కరిగే ఉష్ణోగ్రత మాత్రం కొండపైనా, మైదానంలోనూ ఆచరణలో ఒక్కటే. ఏజెన్సీలో మంచు పరీక్షే నమ్మదగినది కావడానికి కారణం ఇదే.

ప్రోబు రూపం, బిగించే తీరు

మీటరుతో ఉచితంగా వచ్చే సన్నని పూస ప్రోబు గాలిని కొలవడానికి పనికొస్తుంది. పైపుపై ఆనించి చేత్తో పట్టుకుంటే చేతి వేడి, గది గాలి కలిసి తప్పు చూపుతుంది. పైపుల పనికి స్ప్రింగ్‌తో కరిచిపట్టే క్లాంప్ ప్రోబులు రెండు విడిగా కొనుక్కోవాలి. వాటి నోరు ఇళ్లలోని ఏసీల సన్న పైపులపైనా గట్టిగా పట్టాలి. ఆహార పదార్థాల లోపలి ఉష్ణోగ్రతకు సూది ప్రోబు అవసరం.

పైపు మీది రంగు, తుప్పును గరుకు కాగితంతో తుడిచి బిగించి, ఆ చోటును ఫోమ్‌తో చుట్టాలి. ‘కె’ ప్లగ్గు రెండు పలకల్లో ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. తారుమారైతే వేడి చేసిన కొద్దీ అంకె తగ్గుతూ పోతుంది. తీగ చాలలేదని మామూలు రాగి తీగతో అతుకు వేస్తే అతుకు వద్దే మరో తప్పు మొదలవుతుంది. అదే రకం తీగతోనే పొడిగించాలి.

మీటరు తన లోపలి ఉష్ణోగ్రతను ఆధారం చేసుకొని థర్మోకపుల్ లెక్క కడుతుంది. ఎండలో బండి పెట్టెలో కాగిన మీటరును చల్లని గదిలోకి తెచ్చిన వెంటనే చూస్తే అంకె నిలవదు. పది, పదిహేను నిమిషాలు గదిలో ఉంచిన తర్వాతే నమ్మాలి.

గ్యాస్ లెక్క ఎలా తేలుతుంది?

కాయిల్‌లో ద్రవ గ్యాస్ పూర్తిగా ఆవిరైన తర్వాత అదనంగా ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో దాన్ని ‘సూపర్‌హీట్’ అంటారు. అది మరీ తక్కువైతే ద్రవం కంప్రెసర్‌లోకి చేరి దాన్ని దెబ్బతీస్తుంది. మరీ ఎక్కువైతే గ్యాస్ చాలకపోవడమో, ఫిల్టరు లేదా క్యాపిలరీ మూసుకుపోవడమో కారణం కావచ్చు. ఆర్-22 వాడే పాత ఏసీలో తక్కువ పీడనం వైపు గేజ్ సుమారు 68 పీఎస్ఐ చూపితే కాయిల్‌లో గ్యాస్ దాదాపు 4.4 డిగ్రీల వద్ద మరుగుతున్నట్లు. వెనక్కి వచ్చే పైపు 11.4 డిగ్రీలుంటే సూపర్‌హీట్ 7. ఎంత ఉండాలన్నది యంత్రాన్ని బట్టి, బయటి ఎండను బట్టి మారుతుంది గనుక కంపెనీ ఇచ్చిన పట్టికనే అనుసరించాలి.

మాంట్రియల్ ఒప్పందం మేరకు దేశంలో ఆర్-22 వంటి గ్యాస్‌ల వాడకాన్ని 2030 నాటికి దాదాపుగా ముగించాల్సి ఉంది. కొత్త ఏసీల్లో ఆర్-32, కొత్త ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ వాడకం పెరిగింది. ఆర్-600ఎ ఫ్రిజ్‌లో గ్యాస్ పరిమాణం చాలా కొద్ది. మాటిమాటికీ గేజ్ తగిలిస్తే ఆ కొద్దిలోనే కొంత పోతుంది. తక్కువ పీడనం వైపు వాతావరణ పీడనం కంటే తక్కువగా ఉండటంతో లోపలికి గాలి చొరబడే ముప్పూ ఉంది. అటువంటి చోట పైపును తెరవకుండానే కాయిల్ మొదట్లో ఒక ప్రోబు, చివర ఒక ప్రోబు ఉంచి తేడా చూస్తే పరిస్థితి చాలావరకు బోధపడుతుంది. ఆర్-600ఎ సులువుగా, ఆర్-32 కొంతమేర మండే గ్యాస్‌లు. లీకు అనుమానమున్నప్పుడు తలుపులు తెరవకుండా, గాలి ఆడనివ్వకుండా మంట పెట్టరాదు.

ఇంటి ఫ్రిజ్‌ను చూసేటప్పుడు ఒక ప్రోబును కింది అరలో గ్లాసు నీటిలో, రెండోదాన్ని ఫ్రీజర్‌లో ఉంచి, సన్నని తీగలను తలుపు రబ్బరు సందు నుంచి బయటికి తీసి తలుపు మూయాలి. కింది అర 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దరిదాపుల్లో ఉండటం మేలు. ఫ్రీజర్ బాగా చల్లబడి కింది అర వెచ్చగా ఉంటే గ్యాస్ కంటే ముందు గాలి దారిని, ఫ్యాన్‌ను, పేరుకున్న మంచును చూడాలి.

వేడి పనుల్లోనూ ఇదే లెక్క

గీజరు నీరు కాగడం లేదంటే హీటింగ్ ఎలిమెంట్ మార్చేయడం పరిపాటి. 15 లీటర్ల తొట్టిలో 2 కిలోవాట్ల ఎలిమెంట్ పది నిమిషాల్లో నీటిని సుమారు 19 డిగ్రీలు పెంచాలి. 230 వోల్టులకు బదులు 180 వోల్టులే వస్తే శక్తి 61 శాతానికి పడిపోయి, అదే పది నిమిషాల్లో పెరిగేది 12 డిగ్రీల లోపే. వోల్టేజీ తక్కువగా ఉండే ఊళ్లలో ఎలిమెంట్ మార్చినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. వచ్చే నీటి గొట్టంపై ఒక ప్రోబు, పోయే గొట్టంపై మరో ప్రోబు, చేతిలో గడియారం, వోల్టు మీటరు ఉంటే లోపం యంత్రంలో ఉందో, కరెంటులో ఉందో అక్కడికక్కడే తేలుతుంది.

మేడపై సౌర నీటి హీటర్‌కు కూడా పలకలోకి వెళ్లే నీటికి, పైకి వచ్చే నీటికి తేడా చూడాలి. మంచి ఎండలోనూ పై గొట్టం వేడెక్కకపోతే అద్దంపై దుమ్మును, గొట్టాల్లో చున్నాన్ని అనుమానించాలి. జీడిపప్పును ఆరబెట్టే డ్రయ్యర్లలో పై ట్రేకు, కింది ట్రేకు తేడా ఎక్కువైతే ఒకచోట పప్పు మాడి, మరోచోట తేమ మిగులుతుంది. అక్కడా రెండు ప్రోబులే దారి చూపుతాయి.

ఒక హెచ్చరిక. పూస ప్రోబు కొన వట్టి లోహం. కరెంటు ఉన్న భాగానికి తగిలితే మీటరు చెడడమే కాదు, ప్రాణానికీ ముప్పు. విద్యుత్ సరఫరా ఆపిన తర్వాతే ప్రోబు బిగించాలి, తీయాలి.

టీకాల పెట్టె దగ్గర...

కొలతలో రెండు డిగ్రీల పొరపాటు ఇంట్లో పాలు విరగడంతో పోవచ్చు. ఆరోగ్య కేంద్రంలో అలా కాదు. టీకాలను నిల్వ చేసే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఎక్కువ వేడి తగిలితే టీకా శక్తి తగ్గుతుంది. హెపటైటిస్-బి, పెంటావాలెంట్, డీపీటీ వంటి టీకాలు గడ్డకడితే పనికిరావు. వెచ్చబడుతుందన్న భయంతో మరింత చల్లబరచడం కూడా వాటికి హానే.

పైనుంచి తెరిచే ఈ పెట్టెల్లో అడుగు భాగం ఎక్కువ చల్లగా, పై భాగం తక్కువ చల్లగా ఉంటుంది. గడ్డకడితే చెడే టీకాలను అడుగున ఉంచరాదని చెప్పేది అందుకే. మరమ్మతు తర్వాత అడుగున ఒక ప్రోబు, పైన బుట్టలో ఒక ప్రోబు ఉంచి మూత మూసి గంటల తరబడి గరిష్ఠ, కనిష్ఠ అంకెలను నమోదు చేస్తే రెండు చోట్లా హద్దులోనే ఉందో లేదో తెలుస్తుంది. మధ్యలో పెట్టిన ఒక్క థర్మామీటర్ 5 డిగ్రీలు చూపుతున్నా అడుగున సున్నాకు జారే అవకాశం ఉంది.

ఈ పని శిక్షణ పొందిన కోల్డ్‌చైన్ సాంకేతిక సిబ్బందిదే. బయటి మెకానిక్ పరికరం కేంద్రంలోని అధికారిక థర్మామీటర్‌కు, నమోదు యంత్రానికి బదులు కాజాలదు. ఇటువంటి చోట వాడే పరికరానికి ఎన్ఏబీఎల్ గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన కాలిబ్రేషన్ పత్రం ఉండాలి. మీటరుకు ఒక్కదానికే కాక, దానితో వాడే ప్రోబులకు కూడా కలిపి పరీక్ష జరిగిందో లేదో ఆ పత్రంలో చూసుకోవాలి.

కొనేముందు చూడాల్సినవి

* టీ1, టీ2, టీ1-టీ2 ఒకేసారి తెరపై కనిపించాలి. మీట నొక్కి మార్చుకునేదైతే పనిలో విసుగు.
* ఒక్కో ప్రోబుకు విడి సవరణ, గరిష్ఠ-కనిష్ఠ నమోదు, అంకెను నిలిపే ‘హోల్డ్’ ఉండాలి.
* ప్రోబు ప్లగ్గు అందరూ వాడే కొలతలోనిదై ఉండాలి. ఒకే కంపెనీ ప్రోబు పట్టేదైతే అది తెగిన రోజున మీటరు మూలన పడుతుంది.
* బ్యాటరీ ఊరి దుకాణంలో దొరికే రకమై ఉండాలి. వాడకపోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటుంటే మంచిదే గానీ, గంటల తరబడి నమోదు చేసేటప్పుడు దాన్ని నిలిపివేసే వీలుండాలి.
* చీకటి గదిలో, మేడపై ఎండలో అంకెలు స్పష్టంగా కనిపించాలి. వానకు, దుమ్ముకు, చెయ్యి జారి పడటానికి తట్టుకునే రబ్బరు తొడుగు ఉండాలి.
* పెట్టెపై కచ్చితత్వం మీటరుదా, ప్రోబుతో కలిపిందా అని అడగాలి. రసీదు తీసుకోవాలి. మంచు పరీక్షలో తప్పితే మార్చి ఇస్తారా అన్నది ముందే మాట్లాడుకోవాలి.

చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నవారు ఎక్కువ హంగులున్న మీటరు కోసం పోయే కంటే, మామూలు మీటరు తీసుకొని మిగిలిన సొమ్ముతో మంచి క్లాంప్ ప్రోబుల జత కొనుక్కోవడం లాభదాయకం. నెలకొకసారి, మీటరు కింద పడిన ప్రతిసారీ మంచు పరీక్ష చేసి ఆ అంకెలను తేదీతో సహా పుస్తకంలో రాసుకోవాలి.

మరమ్మతు చేయించుకునే వారికీ ఇందులో ఒక మేలుంది. గ్యాస్ ఎక్కించాలని మెకానిక్ చెప్పినప్పుడు ముందు తేడా ఎంత వచ్చింది, తర్వాత ఎంత వచ్చింది అని అడిగి రసీదుపై రాయించుకోవచ్చు. గ్యాస్ దానంతటదే తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. లీకు మూయకుండా నింపిన గ్యాస్‌కు కట్టిన సొమ్ము గాలికి పోయినట్లే.